అంతర్రాష్ట్ర మండలిని పిలవండి: ప్రధానమంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ గారికి,



2016 జూలై 16న ఢిల్లీలో మీ అధ్యక్షతన అంతర్రాష్ట్ర మండలి సమావేశమైంది. దాదాపు పదేళ్ల విరామం తర్వాత జరిగిన సమావేశం అది. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద పంఛీ కమిషన్ చేసిన సిఫార్సులు, బడి చదువులు, ఆంతరంగిక భద్రత చర్చకు వచ్చాయి. ఇక ఆ మండలి క్రమం తప్పకుండా కూర్చుంటుందని నాలాంటి వాళ్లం ఎంతో ఆశపడ్డాం. ఆ తర్వాత అది మళ్లీ కూర్చోలేదు. 2022 మేలో సభ్యుల జాబితా సవరించారు. 2024 నవంబరులో హోంమంత్రి అధ్యక్షతన స్థాయీ సంఘాన్ని కొత్తగా నియమించారు. జాబితాలు తయారయ్యాయి గానీ సమావేశం జరగలేదు. దాన్ని పిలవమని అడగడానికే ఈ ఉత్తరం.

నాది నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఊరు. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏ పార్టీలోనూ లేను. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అంటూ ఏడో షెడ్యూలును ఎన్నో బ్యాచ్‌లకు పాఠంగా చెప్పాను. ఎవరి అధికారం ఏమిటో చెప్పడం తేలికే. ఇద్దరి అధికారాలూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడినప్పుడు ఎక్కడ కూర్చుని తేల్చుకోవాలని పిల్లలు అడిగితే, 263వ అధికరణం చూపించేవాణ్ణి.

మీకు తెలియనిది కాదు, ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం ఆ అధికరణం గురించి కాస్త చెబుతాను. రాష్ట్రాల మధ్య తగాదాలను విచారించి సలహా చెప్పడం, కేంద్రానికీ రాష్ట్రాలకూ ఉమ్మడిగా సంబంధించిన విషయాలు చర్చించడం, ఒకరి విధానానికీ మరొకరి విధానానికీ పొందిక కుదిరేలా సిఫార్సులు చేయడం అనే మూడు పనులకు రాష్ట్రపతి ఒక మండలిని ఏర్పాటు చేయవచ్చని అందులో ఉంది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోనే ఈ ఆలోచనకు మూలం ఉంది. దేశ విభజన గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో, కేంద్రం బలంగా ఉండాలని గట్టిగా కోరుకున్న రాజ్యాంగ నిర్మాతలే దీన్నీ రాశారు. రాష్ట్రాలతో కూర్చుని మాట్లాడితే కేంద్రం బలహీనపడుతుందని వాళ్లు అనుకోలేదు.

రాసిన అధికరణం అమలు కావడానికి నలభై ఏళ్లు పట్టింది. 1969లో పరిపాలనా సంస్కరణల సంఘం అడిగినా కాలేదు. 1983లోనే కదలిక వచ్చింది. ఆ కదలికలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు. 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. మే నెలలో విజయవాడలో దేశంలోని ప్రతిపక్ష నాయకులను ఒకచోట చేర్చారు. అదే ఏడు ఇందిరాగాంధీ ప్రభుత్వం జస్టిస్ సర్కారియా అధ్యక్షతన కేంద్ర రాష్ట్ర సంబంధాల కమిషన్ వేసింది. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ చేతుల మీదుగా ఎన్టీఆర్ ప్రభుత్వం బర్తరఫ్ అయింది. నెల రోజులు జనం రోడ్ల మీదికి వచ్చి పోరాడితే సెప్టెంబరు 16న తిరిగి వచ్చింది. సమాఖ్య అంటే ఏమిటో ఆంధ్రప్రదేశ్‌లో చాలామందికి ఆ నెల రోజుల్లో అర్థమైంది. శాశ్వత ప్రాతిపదికన అంతర్రాష్ట్ర మండలి కావాలని సర్కారియా కమిషన్ సిఫార్సు చేసింది. వి.పి. సింగ్ ప్రధానిగా ఉండగా 1990 మే 28న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ఆ ప్రభుత్వాన్ని నడిపిన నేషనల్ ఫ్రంట్ అధ్యక్షుడు ఎన్టీఆరే. ఉత్తర్వు వచ్చిన రోజు ఆయన పుట్టినరోజు కూడా.

ఆ ఉత్తర్వులో ఒక వాక్యం ఉంది: మండలి ఏడాదికి కనీసం మూడుసార్లు సమావేశం కావాలి. అంటే 2025 నాటికి వందకు పైగా సమావేశాలు జరగాలి. జరిగినవి 11.

ఈ తప్పు మీ ఒక్కరి మీద మోపడం న్యాయం కాదు. 1990 అక్టోబరులో మొదటి సమావేశం అయ్యాక ఆరేళ్లపాటు రెండోది లేదు. ఆ ఆరేళ్లలో అయిదేళ్లు మన పి.వి. నరసింహారావు గారే ప్రధాని. పంచాయతీలకు రాజ్యాంగ హోదా కల్పించిన 73వ సవరణ ఆయన హయాంలోనే వచ్చింది, అందుకు దేశం ఆయనకు రుణపడి ఉంటుంది. కానీ ఈ మండలిని మాత్రం ఆయన ఒక్కసారీ పిలవలేదు. మన్మోహన్ సింగ్ గారు 2005లో ఒకసారి, 2006లో ఒకసారి పిలిచి, ఆ తర్వాత ఏడేళ్లకు పైగా ఊరుకున్నారు. తన ప్రభుత్వమే వేసిన పంఛీ కమిషన్ 2010లో నివేదిక ఇచ్చాక కూడా పిలవలేదు. దేవెగౌడ, గుజ్రాల్, వాజ్‌పేయిల కాలంలోనే ఇది కొంత క్రమంగా నడిచింది. ఒక్క 1997లోనే రెండుసార్లు కూర్చుంది. 2003 ఆగస్టులో వాజ్‌పేయి గారు సమావేశాన్ని శ్రీనగర్‌లో పెట్టారు. అప్పటికి మీరు గుజరాత్ ముఖ్యమంత్రి, ఈ మండలిలో సభ్యులు. రాష్ట్రం వైపు కూర్చునే హక్కు పన్నెండేళ్లకు పైగా ఉన్న మనిషి ప్రధాని కావడం ఈ దేశంలో అరుదు. మీకు రాయడానికి నాకు ధైర్యం ఇచ్చింది అదే.

ఇలాంటి సమావేశాల వల్ల ఒరిగేదేముంది, ప్రసంగాలు చదువుకుని ఫొటో దిగి వెళ్తారు అని కొందరంటారు. వాళ్లకు 1997 జూలై 17 సమావేశాన్ని గుర్తుచేయాలి. అప్పటిదాకా కేంద్రం రాష్ట్రాలతో పంచుకోవలసిన పన్నులు రెండే, ఆదాయపు పన్ను, ఎక్సైజు సుంకం. ఏటా పెరుగుతూ పోతున్న కార్పొరేషన్ పన్నులో రాష్ట్రాలకు పైసా వాటా లేదు. కేంద్రం వసూలు చేసే అన్ని పన్నుల మొత్తంలో 29 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలన్న ప్రత్యామ్నాయ పథకాన్ని పదో ఆర్థిక సంఘం సూచించింది. ఆ రోజు మండలి దాన్ని సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2000లో 80వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఈనాడు ఏ ముఖ్యమంత్రి అయినా 41 శాతం వాటా గురించి మాట్లాడుతున్నాడంటే ఆ దారి పడింది ఈ మండలిలోనే. ప్రభుత్వాలు మారినా ఆ ఒప్పందం నిలబడింది. ముఖ్యమంత్రులందరి ముందు ఒప్పుకున్న మాటకు ఉండే బలం అది.

అదే సవరణలో ఒక తలుపు తెరిచి ఉండిపోయింది. సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి రావు. ఒక ప్రత్యేక అవసరానికి కొంతకాలం వేసుకునే పన్ను అనే ఉద్దేశంతో వాటిని బయట ఉంచారు. ఆ తలుపు గుండా ఎంత బయటికి వెళ్లిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2021 ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసిన సుంకం 32 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల ఎక్సైజు సుంకం 1 రూపాయి 40 పైసలు. ఆ రూపాయి నలభైలో 41 శాతం అంటే 57 పైసలు, దేశంలోని రాష్ట్రాలన్నీ కలిసి పంచుకోవాలి. మిగిలినదంతా రోడ్ల సెస్సు, వ్యవసాయ సెస్సు, ప్రత్యేక అదనపు సుంకం. తర్వాత రెండుసార్లు సుంకం తగ్గించారు, ఆ మేరకు సామాన్యుడికి మేలు జరిగింది. కానీ పంచుకునే భాగానికీ పంచుకోని భాగానికీ మధ్య తేడా అలాగే ఉంది. కేంద్రం మొత్తం పన్ను రాబడిలో ఈ సెస్సులు, సర్‌చార్జీలు ఒక దశలో అయిదో వంతు దాకా చేరాయి. 41 శాతం అని కాగితం మీద రాసి ఉన్నా చేతికి అందేది అంతకన్నా తక్కువ. అందులోంచే 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం 2021-26 కాలంలో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం దక్కింది. ఈ రెండు అంకెలూ అంతకు ముందు సంఘం ఇచ్చిన దానికన్నా తక్కువే.

సెస్సులు పూర్తిగా ఎత్తేయమని నేను అనడం లేదు. వాటికి ఒక పరిమితి, ఒక గడువు ఉండాలా వద్దా, ఉంటే ఎంత అన్నది ఆర్థిక సంఘం ఒక్కటే తేల్చగల విషయం కాదు. ఆ సంఘం అయిదేళ్లకు ఒకసారి వచ్చి, నివేదిక ఇచ్చి వెళ్లిపోతుంది. కోర్టు తేల్చేది అసలే కాదు. 1997లో ఏ బల్ల దగ్గర పంపకం మాట కుదిరిందో, దాని మిగతా సగం కూడా అక్కడే కుదరాలి.

మండలి లేనిచోట ఏం జరుగుతోందో మా పత్రికల్లో తరచుగా చూస్తాం. ముఖ్యమంత్రి ఢిల్లీ వెళ్తారు. ప్రధానికి శాలువా కప్పుతారు, ఒక ప్రతిమ బహూకరిస్తారు, వినతిపత్రం ఇస్తారు. మర్నాడు ఆ ఫొటో, దాని కింద పదో పదిహేనో కోరికల జాబితా. హైదరాబాదు నుంచి వెళ్లినా అమరావతి నుంచి వెళ్లినా, ఏ పార్టీవారైనా ఇదే తంతు. మర్యాదలను నేను తప్పుపట్టను. నన్ను బాధపెట్టేది ఆ వినతిపత్రం. కోట్లమంది ఓట్లతో గెలిచి, రాజ్యాంగం ఇచ్చిన జాబితా ప్రకారం పాలించే మనిషి ప్రధాని ముందు అర్జీదారుగా నిలబడకూడదు. అర్జీ ఇచ్చినవాడికి ఇవ్వడం దయ, ఇవ్వకపోవడం ఇష్టం. పొత్తులో ఉన్న ముఖ్యమంత్రికి ఒక రకమైన ఆదరణ, ప్రతిపక్ష ముఖ్యమంత్రికి మరో రకం అన్న అనుమానం అక్కడే పుడుతుంది, నిజమైనా కాకపోయినా. మండలిలో సిక్కిం ముఖ్యమంత్రికీ ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రికీ ఒకే రకం కుర్చీ. ఒకరికి చెప్పిన మాట అందరికీ వినబడుతుంది.

నీతి ఆయోగ్ పాలక మండలి ఉంది కదా అని మీ కార్యాలయం వారు జవాబు రాయవచ్చు. అక్కడా మీరే అధ్యక్షులు, అక్కడికీ ముఖ్యమంత్రులు వస్తారు. అయితే నీతి ఆయోగ్ 2015 జనవరి 1 నాటి కేబినెట్ తీర్మానంతో పుట్టింది, రాజ్యాంగంలో దానికి చోటు లేదు. దాని పని అభివృద్ధి లక్ష్యాల గురించి ఆలోచించడం. గవర్నరు బిల్లు మీద సంతకం పెట్టకపోతే ఏం చేయాలో, ఉమ్మడి జాబితాలోని అంశం మీద పార్లమెంటు చట్టం చేసే ముందు రాష్ట్రాలను అడగాలో వద్దో అక్కడ తేలదు. ఏడాదికి ఒకసారి, అంతమంది ముఖ్యమంత్రులు వరసగా కొద్ది నిమిషాలు మాట్లాడే సమావేశంలో తేలడం కష్టం కూడా. 2020లో వ్యవసాయ చట్టాల సంగతి చూడండి. వ్యవసాయం, మార్కెట్లు రాష్ట్ర జాబితాలోవి. ఆహారపదార్థాల వ్యాపారం ఉమ్మడి జాబితాలో ఉందన్న ఆధారంతో జూన్‌లో ఆర్డినెన్సులు వచ్చాయి, సెప్టెంబరులో చట్టాలయ్యాయి. ఏడాదిపైగా రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఎండకు, చలికి కూర్చున్నారు. 2021 నవంబరులో మీరే వాటిని వెనక్కి తీసుకున్నారు. ఆ చట్టాల్లో మంచి ఉందని నమ్మేవాళ్లు నా స్నేహితుల్లోనూ ఉన్నారు. ముందుగా ముఖ్యమంత్రులతో రెండు రోజులు కూర్చుని ఉంటే ఆ మంచి ఎంతో, చెడు ఎంతో బయటపడేది.

క్రమంగా కూర్చుంటే పని జరుగుతుందనడానికి మీ హయాంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2016 సెప్టెంబరులో మొదలైన జీఎస్టీ మండలి 2025 సెప్టెంబరు నాటికి 56 సార్లు కూర్చుంది. అందులో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నింటిదీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం ఒప్పుకోనిదే ఏదీ జరగదు. ఈ అమరిక నాకు పూర్తిగా నచ్చదు. అయినా 2020లో కరోనా దెబ్బకు పరిహారం సెస్సు చాలనప్పుడు, లోటుకు మీరే అప్పు తెచ్చుకోండని మొదట రాష్ట్రాలకు చెప్పిన కేంద్రం, అక్కడ వాదనలు సాగాక తన పేరు మీద 1.1 లక్షల కోట్ల రూపాయల అప్పు తెచ్చి రాష్ట్రాలకు అందించింది. వాదించుకోవడానికి చోటు ఉంది కాబట్టి మాట మారింది. పన్ను రేట్లకు 56 సార్లు కూర్చోగలిగిన మనం మిగతా అన్నింటికీ కలిపి ఏడాదికి మూడుసార్లు ఎందుకు కూర్చోలేం?

ఇక మా సంగతి. తెలంగాణ రావాలని మనసారా కోరుకున్నవాణ్ణి నేను. 2014 జూన్ 2 నా జీవితంలో పెద్ద పండుగ. కానీ వచ్చిన తీరు రెండు వైపులా పుండ్లు మిగిల్చింది. మూడో అధికరణం కింద అసెంబ్లీ అభిప్రాయం మాత్రమే చెప్పగలదు. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది. మూడు వారాల్లోనే పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించాయి. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా రాజ్యసభలో నోటిమాటగా వచ్చింది, చట్టంలోకి ఎక్కలేదు. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులోని 91 సంస్థలు, పదో షెడ్యూలులోని 142 సంస్థల పంపకం ఏళ్ల తరబడి నలిగింది. 2024 జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాదు ప్రజాభవన్‌లో ఎదురెదురుగా కూర్చుంటే అదొక పెద్ద వార్త అయింది. పక్కపక్క రాష్ట్రాల ముఖ్యమంత్రులు కలవడం పదేళ్ల తర్వాత కూడా వార్త కావడమే విచారకరం.

నీళ్ల విషయం మరీ బరువైనది. నదీజలాలకు 262వ అధికరణం, ట్రిబ్యునళ్లు వేరే ఉన్నాయని నాకు తెలుసు. కృష్ణాలో ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీలను 512, 299గా తాత్కాలికంగా పంచుకున్నది 2015లో. ఆ తాత్కాలికం మీదే ఏళ్లు గడిచాయి. కేంద్ర జలశక్తి మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చోవలసిన అత్యున్నత మండలి మొదటి పదేళ్లలో రెండుసార్లే సమావేశమైంది, 2016లో, 2020లో. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ జరగాల్సిన రోజున, తెల్లవారేసరికి సాగర్ డ్యామ్ మీద ఆంధ్రప్రదేశ్ పోలీసులు 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఎదురుగా తెలంగాణ పోలీసులు. చివరికి సీఆర్‌పీఎఫ్ వచ్చి డ్యామ్‌ను తన చేతిలోకి తీసుకుంది. కుడి కాలువ కింద పల్నాడులో మాకు బంధువులున్నారు. వాళ్ల మిరప తోటకు కావలసినవీ మా వరి మడికి కావలసినవీ ఆ ఒక్క జలాశయంలోని నీళ్లే. ఆ రోజు ఇటువాళ్లం అటు, అటువాళ్లు ఇటు ఫోన్లు చేసుకుని ఏం మాట్లాడాలో తెలియక పొలం కబుర్లతో సరిపెట్టుకున్నాం. మాట్లాడుకోవలసిన పెద్దలు మాట్లాడుకోనందువల్ల ఒకే భాష మాట్లాడే పోలీసులు ఒకే డ్యామ్ మీద ఎదురెదురుగా నిలబడ్డారు.

గవర్నర్ల మాట కూడా చెప్పాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం పది బిల్లులు గవర్నరు దగ్గర ఆగిపోయాయంటూ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. తమిళనాడు, కేరళ, పంజాబ్ అదే బాట పట్టాయి. 2025 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గవర్నర్లకు గడువులు పెట్టింది. నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ, అలా గడువులు విధించడం కోర్టుల పని కాదంది. సరే, కోర్టు పని కాదు. మరి ఎవరి పని? పంఛీ కమిషన్ ఆరు నెలల గడువు సూచించింది. ఆ నివేదిక మీద మాట్లాడే అధికారం, బాధ్యత ఉన్నది ఈ మండలికే. దక్షిణాదిని కలవరపెడుతున్న లోక్‌సభ స్థానాల పునర్విభజన కూడా ఇక్కడే చర్చకు రావాలి. కుటుంబ నియంత్రణ పాటించినందుకు మా గొంతు తగ్గుతుందేమోనన్న భయాన్ని వీధి సభల్లో పెంచడం కన్నా, ఉత్తరాది ముఖ్యమంత్రుల ఎదుట కూర్చుని చెప్పుకోవడం దేశానికి మంచిది.

ఇదంతా రాస్తూ ముఖ్యమంత్రులను వదిలిపెట్టలేను. 2022లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ గారు ఏటా మూడు సమావేశాలు జరపమని మీకు లేఖ రాశారు. అలా అడిగినవాళ్లు ఎందరు? 1996లో యునైటెడ్ ఫ్రంట్ కన్వీనరుగా ఉన్న చంద్రబాబు నాయుడు గారికి ఈ మండలి విలువ తెలుసు. ఇవాళ ఆయన పార్టీ లోక్‌సభ ఎంపీలు 16 మంది మీ ప్రభుత్వానికి అండగా ఉన్నారు. తన రాష్ట్రానికి నిధులు అడిగినంత గట్టిగా అన్ని రాష్ట్రాల కోసం ఈ సమావేశం అడిగితే ఎంత బాగుండును. తెలంగాణ ముఖ్యమంత్రికీ ఇదే నా విన్నపం. ఢిల్లీ తమ అధికారాలు లాక్కుంటోందని చెప్పే రాష్ట్రాలు తమ పంచాయతీలకు 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో ఎన్ని నిజంగా వదిలాయో కూడా చూసుకోవాలి. సర్పంచులు సొంత డబ్బు పెట్టి పనులు చేయించి, బిల్లుల కోసం మండలాఫీసు చుట్టూ తిరుగుతున్న ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

మండలిని పిలిస్తే మీకు ఓడిపోయే భయం లేదు. 1990 ఉత్తర్వు ప్రకారం మండలి తలుపులు మూసుకుని కూర్చుంటుంది. ఓటింగ్ లేదు, ఏకాభిప్రాయమే. ఏకాభిప్రాయం కుదిరిందో లేదో చెప్పే చివరి మాట అధ్యక్షుడిది, అంటే మీదే. సిఫార్సులు ఎవరినీ కట్టిపడేయవు. ఇన్ని రక్షణలున్న చోట కూర్చోవడానికి ఏ ప్రధాని అయినా ఎందుకు వెనకాడాలో నాకు అర్థం కాదు.

నేను అడిగేవి మూడే. మొదటిది, ఈ ఏడాదిలోనే మండలిని పిలవండి. రెండు రోజులు పెట్టండి, ప్రసంగాల ప్రతులు ముందే పంచి, సమయమంతా చర్చకు వదలండి. రెండోది, సెస్సులు, సర్‌చార్జీల మీద పరిమితిని మొదటి అంశంగా, బిల్లుల మీద గవర్నర్ల గడువును రెండో అంశంగా పెట్టండి. మూడోది అన్నింటికన్నా తేలిక. 263వ అధికరణంలోని మొదటి పనిని, అంటే రాష్ట్రాల మధ్య తగాదాలను విచారించి సలహా చెప్పే పనిని, 1990 ఉత్తర్వులో చేర్చలేదు. మిగతా రెండు పనులే అప్పగించారు. ఆ లోటు తీర్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, పార్లమెంటు చట్టం అక్కర్లేదు. మీ మంత్రివర్గం సలహా ఇస్తే రాష్ట్రపతి ఉత్తర్వును సవరిస్తారు. ఆ సవరణ జరిగిన మర్నాడే మా రెండు రాష్ట్రాల తొమ్మిది, పది షెడ్యూళ్ల తగాదా ఆ మండలి ముందుకు వెళ్లవచ్చు.

మండలికి సచివాలయం 1991 నుంచి ఉంది. సిబ్బంది ఉన్నారు, స్థాయీ సంఘం ఉంది, సభ్యుల జాబితా సిద్ధంగా ఉంది. కావలసింది మీరు ప్రకటించే తేదీ.

భవదీయుడు,
విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ జిల్లా